రెండంగుళాల పట్టీలు

దుకాణానికి సెలవైన రోజున టైలరు భార్య కటింగు బల్ల మొత్తం ఆక్రమించుకుంది. ముందుగదిలో దుకాణం, వెనకగదిలో కాపురం. ఏళ్ల తరబడి పోగైన చొక్కాల అంచులు, పరదాల కత్తిరింపులు బస్తాలో మగ్గుతున్నాయి. వాటితో అత్తగారికి బొంత కుట్టిపెడతానని ఆవిడ నోరు జారింది.

"నువ్వా?" అంది అత్తగారు. "లెక్కంటే ఆమడ దూరం పరిగెత్తే మనిషివి. బొంతంటే కుట్టు కాదమ్మా, లెక్క."

అత్తగారు ఒకప్పుడు ఊరందరికీ బొంతలు కుట్టిన మనిషి. అందుకే ఆ మాట మరీ గుచ్చుకుంది. కాజాలు, బొత్తాలు, చేతికుట్లు టైలరు భార్య అద్దంలా చేస్తుంది. కొలతల జోలికి మాత్రం ఎన్నడూ పోలేదు. అవన్నీ మొగుడి పని.

తీరా కూర్చుంటే లెక్క తేలిగ్గానే కనిపించింది. బొంతలో ఒక్కో గడి పన్నెండంగుళాల చదరం కావాలి. రెండంగుళాల పట్టీలు ఆరు వేస్తే సరి. "ఆరు రెళ్లు పన్నెండు," అని పైకే అనేసింది. ఇంకేముంది, ఊపు మీద బస్తాడు ముక్కలనూ రెండంగుళాల వెడల్పున కోసిపారేసింది.

ఆరు పట్టీలు వరసగా కలిపి కుట్టి, ఇస్త్రీ చేసి, టేపు పెట్టి చూసింది. తొమ్మిదిన్నర. మళ్లీ పెట్టింది. తొమ్మిదిన్నరే.

"ఏవండీ, మీ టేపు సాగినట్టుంది."

మిషనుకు నూనె వేస్తున్న టైలరు లేచి వచ్చాడు. గడి తిరగేసి చూసి నోరు తెరవబోయాడు.

"చెప్పకండి," అంది. "మీరు చెప్తే అది మీ బొంత అవుతుంది."

ఆయన నవ్వు బిగబట్టుకుని మిషను దగ్గరికి పోయాడు. వెనకగదిలో మంచం మీదినుంచి అత్తగారు కన్నార్పకుండా చూస్తోంది.

టైలరు భార్య కూడా గడి తిరగేసింది. ప్రతి అతుకు దగ్గరా ఇటు పావంగుళం, అటు పావంగుళం గుడ్డ వెనక్కి మడతపడి ఉంది. అంటే ఒక్కో కుట్టు అరంగుళం మింగేస్తోంది. ఆరు పట్టీల మధ్య కుట్లు అయిదు. అయిదు అరలు రెండున్నర. తొమ్మిదిన్నరకు రెండున్నర కలిపితే పన్నెండు. దొంగ దొరికాడు.

దొరికిన సంతోషం క్షణం కూడా నిలవలేదు. పట్టీ రెండున్నర కోయాల్సింది. బస్తాడు గుడ్డా రెండుకే కోసేసింది. ఇంకో రోజైతే అన్నీ బస్తాలో కుక్కేసి పొయ్యి దగ్గరికి పోయేదే. ఇవాళ పట్టుదల కదలనివ్వలేదు. సుద్ద తీసి బల్లమీదే రాయడం మొదలుపెట్టింది.

రెండంగుళాల పట్టీకి రెండువైపులా కుట్టు పడితే పైకి కనిపించేది ఒకటిన్నర. రెండు పట్టీలు మూడంగుళాలు. అలాంటి జతలు నాలుగైతే పన్నెండు. అంటే ఆరు కాదు, ఎనిమిది వెయ్యాలి. సరిచూసుకుంది. ఎనిమిది రెళ్లు పదహారు, ఏడు కుట్లకు మూడున్నర పోతే పన్నెండున్నర. మరి ఈ అరంగుళం ఎక్కడిది? గడి అంచుల వెంట వేలు పోనిచ్చి చూసింది. అప్పుడు తట్టింది. అది గడికి బయటి అంచులది. పక్క గడితో కలిపినప్పుడు కుట్టులోకి పోతుంది.

రెండు గడులు కుట్టి, పట్టీల కొసలు కూడా పన్నెండున్నరకే కత్తిరించింది. వాటిని కలిపితే ఎంత రావాలో ముందే బల్లమీద రాసింది: ఇరవై నాలుగున్నర. జత కుట్టి టేపు పరిచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

ఆవిడ నడుం నిటారైంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఒక అంకె తను చెప్పినట్టు విన్నది.

"ఇటు తే," అంది అత్తగారు. ముందు జానతో కొలిచింది, తర్వాత కుట్లు తడిమింది. "ఆరన్నావు, ఎనిమిదున్నాయేం?"

కోడలు ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పింది. అత్తగారు ఆసాంతం విని, గుడ్డ ఒళ్లో పెట్టుకుంది.

"నేనూ ఒకసారి ఇలాగే తక్కువ కోశాను. అన్నీ మసిగుడ్డలకి వాడేశాను. ఇంకో రెండు పట్టీలు వేస్తే సరిపోతుందని నాకు తట్టలేదు."

టైలరు మిషను ఆపి భార్య వంక చూశాడు. "నన్ను నోరెత్తనివ్వలేదమ్మా," అన్నాడు, ఆ గొప్ప తనదే అయినట్టు.

బొంత పూర్తయ్యాక అత్తగారు ఎండాకాలంలో కూడా దాన్ని మోకాళ్లమీద పరుచుకుని ముందుగదిలోనే కూర్చునేది. వచ్చినవాళ్లందరికీ చూపించేది.

"మా కోడలు లెక్కగట్టి కుట్టింది. గడికి ఏడు పట్టీలు."

"ఎనిమిది, అత్తయ్యా," అని లోపలినుంచి వినపడేది. "కుట్లు ఏడు."