లాండావ్ వదిలినవాళ్ళు

నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. తర్వాత మీ ఇష్టం, తిట్టుకుంటారో జాలిపడతారో. ఎనభై మూడేళ్ళ కిందట చచ్చిపోయిన ఒక పిల్లాణ్ణి నేను బతికించాను. మందు వేసి కాదు, మంత్రం వేసి కాదు. ఇంటిపేరు చూసి.

నా పేరు తాడికొండ సుభద్ర. పుట్టింది తెనాలి. మావారు ఆంజనేయప్రసాద్ డాక్టరు. ఎనభై రెండులో ఆయన వెనకాలే జర్మనీలో ఈ కైసర్స్‌లౌటర్న్ వచ్చిపడ్డాను. సిటీ లైబ్రరీలో ఇరవై ఆరేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నోరు కాస్త ఎక్కువని మావారంటారు, కాస్త అనడం ఆయన మంచితనం. ఇక్కడ యూనివర్సిటీకొచ్చే మన పిల్లలెవరు బస్టాపులో కనబడినా ముందు "మీ ఇంటిపేరేంటమ్మా?" అంటాను. రూము దొరికిందా, వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, దొరికిందా, అవన్నీ తర్వాత. ఇంటిపేరు చెప్తే ఊరు చెప్తాను, ఊరు కుదిరితే వాళ్ళ మేనత్తో పెదనాన్నో ఎవరో ఒకరు నాకు తెలిసినవాళ్ళే అయ్యుంటారు. పదింట ఎనిమిదిసార్లు తగుల్తుంది. మిగతా రెండుసార్లు కూడా తగిలించేస్తాను. ఇంటిపేరు ఒకటైతే అన్నదమ్ములే, పెళ్ళి మాట కూడా ఎత్తకూడదు. మేం అలా పెరిగాం.

మా బిల్డింగులో మూడో అంతస్తులో హన్నా లాండావర్ అని ఒక పెద్దావిడ ఉంది. ఎనభై తొమ్మిదేళ్ళు. స్కూలు టీచరుగా చేసింది, పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతున్నా మా ఇద్దరి మధ్యా ఫ్రావ్ తాడికొండ, ఫ్రావ్ లాండావర్, మీరు, తమరు. ఫ్రావ్ అంటే మన 'గారు' లాంటిది, ఈ దేశపు మర్యాదే అంత. కానీ నా చేతి పెసరట్టు ఆవిడకి ప్రాణం, ఆవిడ చేసే ప్లమ్ పళ్ళ కేకు నాకు ప్రాణం.

ఆవిడ కథ నాకు ముక్కలుముక్కలుగా తెలిసింది. యూదులు. తండ్రి ముందే పోయాడు. నలభైలో అక్టోబరు నెల ఒక పొద్దున పోలీసులొచ్చి ఈ చుట్టుపక్కల యూదులందర్నీ రైళ్ళెక్కించి, ఫ్రాన్సుకి ఆ చివర, స్పెయిన్ కొండల దగ్గర గూర్స్ అనే క్యాంపులో పడేశారు. తల్లి, పదకొండేళ్ళ ఎర్విన్, నాలుగేళ్ళ హన్నా. కొన్నాళ్ళకి పిల్లల్ని కాపాడే సంస్థవాళ్ళు కొందర్ని బయటికి తీసుకెళ్ళారు. ఆ రోజు బండిలో ఒక్కరికే చోటుంది. ఎర్విన్ చెల్లెల్ని ఎత్తి లోపల కూచోబెట్టాడు. నలభైరెండులో తల్లినీ కొడుకునీ, మనుషుల్ని చంపడానికే కట్టిన ఆష్విట్జ్ క్యాంపుకి రైలెక్కించారు. జాబితాలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కాకపోతే యుద్ధం అయ్యాక ఎవరో ఒకావిడ, "ఆ కుర్రాడు రైలెక్కే ముందు కంచె దూరి కొండలవైపు పరిగెత్తాడట" అంది. చూసి అందో, విని అందో! ఆ "అట" పట్టుకుని ఈ మనిషి ఎనభై ఏళ్ళు బతికింది.

ఇక్కడ ఒక పద్ధతుంది. అలా పట్టుకుపోయినవాళ్ళు చివరగా ఉన్న ఇంటి ముందు, ఫుట్‌పాత్‌లో, ఇత్తడి రేకు తొడిగిన చిన్న రాయి పాతుతారు. మనిషికొక రాయి. పేరు, పుట్టిన సంవత్సరం, ఏం జరిగిందీ, నాలుగు ముక్కలు చెక్కుతారు. మా ఊళ్ళో ఆ పని చూసే కమిటీలో నేనూ ఉన్నాను. ఈ ఏడాది లాండావర్ల వంతు. రాళ్ళు పాతేనాడు ఏ దేశంలో ఉన్న చుట్టాన్నైనా వెతికి పిలవడం ఆనవాయితీ. "ఇంటిపేరు పట్టుకుని వెతకాలి, ఎవరు చేస్తారు?" అన్నారు మీటింగులో. నన్నా అడగడం! కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

వెతికాను. లాండావర్లు మ్యూనిక్‌లో ఉన్నారు, వియన్నాలో ఉండేవారు, న్యూయార్క్‌లో ఉన్నారు, ఇజ్రాయెల్‌లో ఉన్నారు. డైనింగ్ టేబుల్ మీద ప్రపంచపటం పరిచి చుక్కలు పెట్టాను. మావారికి పది రోజులు వంటింట్లో నిలబడే భోజనం. అప్పుడు తగిలాడు అర్జెంటీనాలో, రొసారియో అనే ఊళ్ళో, పళ్ళ డాక్టరు. నలభై నాలుగేళ్ళవాడు. పేరు ఎర్విన్ లాండావర్.

తాత పేరు మనవడికి పెట్టుకున్నారు! ఇంకేం కావాలండీ? ఇంగ్లీషులో ఈమెయిల్ కొట్టాను. మర్నాడే జవాబు. "మా తాత జర్మనీనుంచి ఓడలో వచ్చారు. నేను పుట్టకముందే పోయారు, నాకు పెద్దగా తెలీదు. ఆయన కాగితాలు అమ్మ దగ్గర పెట్టెలో ఉన్నాయి, వెతికి పంపిస్తాను."

పెట్టె తెరిచేదాకా ఆగచ్చుగా? ఆగలేదు. లిఫ్టు కోసం కూడా ఆగకుండా, ఈ మోకాళ్ళేసుకుని మూడంతస్తులు ఎక్కాను. తలుపు తియ్యగానే, "ఫ్రావ్ లాండావర్, మీ అన్నయ్య బతికాడు! అర్జెంటీనా వెళ్ళాడు, పెళ్ళి చేసుకున్నాడు, మనవడున్నాడు!" అన్నాను. అనుకుంటున్నాను అనలేదు. అయ్యుండచ్చు అనలేదు. ఉన్నాడు అన్నాను.

ఆవిడ గోడ పట్టుకుంది. కుర్చీలో కూచోబెడితే తన చేతులవంకే చూసుకుంది. తర్వాత మెల్లిగా, "అయితే నేను వాడి చోటు తీసుకోలేదన్నమాట," అంది. నాకు ఏడుపాగలేదు. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని ఏడ్చాం.

తర్వాత మూడు వారాలు ఆ మనిషిని చూడాలి! జుట్టు కత్తిరించుకుంది. నీలం రంగు జాకెట్టు కొనుక్కుంది. స్పానిష్ నేర్పే పుస్తకం తెప్పించుకుని మెట్ల మీద నాకే "బ్వేనస్ దియాస్" చెప్పేది. రొట్టెల షాపులో అమ్మాయికి కూడా చెప్పింది, మా అన్నయ్య మనవడు డెంటిస్టు అని. పెట్టె సంగతి తేలాక మనవడికి ఉత్తరం రాస్తానని మంచి కాగితాలు కొని పెట్టుకుంది. అంతటితో ఆగితే బాగుండును. కమిటీ ఫారంలో ఎర్విన్ రాయికి "హత్య చేయబడ్డాడు, 1942" అని ముందే రాసుంటే, అది కొట్టేసి, "తప్పించుకున్నాడు, అర్జెంటీనాలో జీవించాడు" అని తన చేత్తో రాసి సంతకం పెట్టింది. సాక్షి సంతకం నాది. కమిటీవాళ్ళు నా మాట మీద నమ్మారు. శుక్రవారం ఆ ముక్కలు చెక్కేవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి.

బుధవారం పొద్దున రొసారియో నుంచి పెట్టెలో కాగితాలొచ్చాయి. తాత పుట్టింది 1903. బవేరియాలో ఒక చిన్న ఊరు. బ్యూనస్ ఐరిస్‌లో ఓడ దిగింది 1926. తాత పేరు మాక్స్. ఎర్విన్ అన్నది ఈ డెంటిస్టు వాళ్ళమ్మ వైపు ఎవరిదోనట. "ఏమైనా పనికొస్తాయా మేడమ్?" అని కింద పాపం మర్యాదగా అడిగాడు.

అయినా నా మొండితనం పోతుందా! ఈ రెండు కుటుంబాలూ ఎక్కడో కలుస్తాయేమో అని ఆర్కైవ్స్‌లో నాకు తెలిసినావిడకి ఫోన్ చేశాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది. లాండావ్ అని ఇక్కడికి గంట దూరంలో ఊరుంది కదా, దాన్ని వదిలి ఎటు పోయినవాళ్ళని అటు "లాండావర్" అన్నారట. లాండావ్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరూ అలా పిలవరు, వదిలాకే ఆ పేరు. ఒకళ్ళు బవేరియా వెళ్ళారు, ఒకళ్ళు వియన్నా వెళ్ళారు, ఒకళ్ళతో ఒకళ్ళకి ఏ చుట్టరికమూ లేదు. నెపోలియన్ రోజుల్లో యూదులందరూ ఏదో ఒక ఇంటిపేరు రాయించుకుని తీరాలని హుకుం వస్తే, జనం పిలిచే పేరే రాయించేసుకున్నారు. "ఆ పేరుండటం వల్ల తెలిసేది ఒక్కటే ఫ్రావ్ తాడికొండ, వాళ్ళ పూర్వీకుడెవరో ఒకప్పుడు ఆ ఊరినుంచి కదిలాడని."

ఫోన్ పెట్టేసి నన్ను నేను చెంపలు వాయించుకున్నాను. నాకు ఒకరు చెప్పాలా? మా మామగారి వంశంలో ఆరు తరాలుగా ఒక్కడూ తాడికొండలో లేడు. తాడికొండలో ఉన్నవాణ్ణి తాడికొండవాడని ఎవడంటాడు! పైగా ఆ ఇంటిపేరు ఎన్ని కులాల్లో లేదు? మాకైతే గోత్రాలున్నాయి వడకట్టుకోడానికి. ఇంత తెలిసి ముసలామె గుండెలో నిప్పు రాజేశాను.

మావారు అంతా విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చెప్పకు సుభద్రా," అన్నారు.

"రాయి మీద అబద్ధం చెక్కుతారండీ."

"చెక్కనీ. ఎనభై తొమ్మిదేళ్ళు ఆవిడకి. గుండె నేను చూశాను, ఎంత బాగుందో నాకు తెలుసు. ఇంకో ఏడాదో రెండేళ్ళో సంతోషంగా పోనీ. రోగికి ప్రతీదీ చెప్పాలని లేదు."

"ఆవిడ రోగి కాదు."

"నువ్వు చెప్పి నీ గుండె బరువు దించుకుంటావు. మొయ్యాల్సింది ఆవిడ."

నలభై మూడేళ్ళ కాపరంలో ఆయన నన్నంత మాట అనలేదు. నిజమే అన్నారని ఇంకా మండింది. గురువారం మధ్యాహ్నం దాకా ఇల్లంతా తిరిగాను. చారు పొంగిపోయింది, చూసుకోలేదు. చెప్పకపోతే ఆవిడ సుఖంగా పోతుంది. మరి ఆ పిల్లాడు? కాశీ వెళ్ళిన మనిషి తిరిగి రాకపోతే మనవాళ్ళు పన్నెండేళ్ళు చూసి దర్భబొమ్మకైనా కర్మ చేస్తారు. ఈ పిల్లాడికి దక్కేదల్లా ఆ ఇత్తడి ముక్కే. అది కూడా ఇంకెవరి జీవితమో రాసి పాతేస్తే వాడు చచ్చిపోయిన సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఈసారి లిఫ్టులోనే వెళ్ళాను. ఆవిడ వంటింట్లో బల్ల మీద పాత ఫోటోలు పరిచి రొసారియో పంపడానికి ఏరుతోంది. నన్ను చూసి "బ్వేనస్ తార్దెస్!" అంది. కూచోకుండానే చెప్పేశాను. కూచుంటే చెప్పలేనని తెలుసు. కాగితాలు ముందు పెట్టాను. 1903. 1926. మాక్స్.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ప్రతి కాగితం చివరిదాకా చదివింది. టీచరమ్మ కదా.

"అప్పుడెలా తెలుసన్నారు?" అంది.

"ఇంటిపేరు... మా దేశంలో..." "తెలీదు. తెలిసినట్టు చెప్పాను. నాది బుద్ధిలేనితనం."

"లాండావర్లు ఊరికొకరుంటారని మా పిన్ని చెప్పేది. నాకూ తెలుసు. మీరంత గట్టిగా చెప్పారని నమ్మాను." ఉన్నట్టుండి బల్ల మీద అరచేత్తో కొట్టింది. ఫోటోలు కిందపడ్డాయి. "శుక్రవారం దాటాక చెప్పలేకపోయారా? రాయి పాతాక? నేను పోయాక? రాయి మీద తప్పుంటే ఎవరికి నష్టం?"

తప్పు నాది, తలొంచుకుని పడాలి. కానీ నోరు నాది కదా. "ఎర్విన్‌కి," అన్నాను. "వాణ్ణి చంపినవాళ్ళని మన చేత్తో మనమే వదిలేసినట్టవుతుంది. పదమూడేళ్ళ పిల్లాణ్ణి వాళ్ళు చంపలేదని ఇత్తడి మీద రాసిస్తున్నాం."

"బయటికెళ్ళండి," అంది.

వచ్చేశాను. మావారికేసి చూడలేదు. రాత్రి ఇద్దరికీ ముద్ద దిగలేదు.

శుక్రవారం తొమ్మిదింటికి ఫోన్. "ఖాళీ ఫారం పట్టుకుని రండి. పెన్ను కూడా."

వెళ్ళాను. ఆవిడ నీలం జాకెట్టు తొడుక్కోలేదు, ఇంట్లో వేసుకునే పాత స్వెట్టరులో ఉంది. రాత్రంతా పడుకోలేదని మొహమే చెప్తోంది. ఎదురు కుర్చీ చూపించింది. ఫారం ఆవిడవైపు జరిపితే వెనక్కి నావైపు తోసింది.

"మీరు రాయండి. వాణ్ణి బతికించింది మీరు. నా చేత్తో నేను రాయలేను."

"ఫ్రావ్ లాండావర్, నావల్ల కాదు."

"రాయాలి," అంది, క్లాసులో పిల్లకి చెప్పినట్టు. "ఎర్విన్ లాండావర్. పుట్టింది 1929. నలభైలో గూర్స్."

రాశాను.

ఆవిడ కిటికీలోంచి వీధి చూస్తూ అంది, "ఈ మూడు వారాల్లో వాణ్ణి పెంచాను, ఫ్రావ్ తాడికొండ. మీసాలొచ్చాయి. పెళ్ళి చేశాను. భార్య కొంచెం లావు, బాగా నవ్వుతుంది. కొడుకు పుట్టాడు. వాడికి బట్టతల వచ్చింది, మోకాళ్ళ నెప్పులొచ్చాయి. పక్కమీద, చుట్టూ అందరూ ఉండగా, నిద్రలో పోయాడు. నిన్నటినుంచి అవన్నీ ఒక్కోటీ తీసేస్తున్నాను. ముందు మనవణ్ణి తీశాను, తర్వాత కొడుకుని. భార్య దగ్గర చాలాసేపు పట్టింది. ఇప్పుడు వాడు మళ్ళీ పొట్టి నిక్కరులో ఉన్నాడు. ఇంక రాయచ్చు."

హత్య చేయబడ్డాడు, 1942, ఆష్విట్జ్ అని రాశాను. ఆవిడ ఫారం తీసుకుని చదివి, సంతకం పెట్టి, నా సంతకం కోసం నాకిచ్చింది.