ఎదురింటికి వినిపించే రేడియో

నేను స్పృహ తప్పి పడిపోతే, గడియ పెట్టిన ఇంట్లో నా పాప నా పక్కన ఏడ్చి ఏడ్చి అలిసిపోతుందని నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. ఊరికే ఊహించుకున్నది కాదు. పాపకు మూడో నెలప్పుడు బట్టలు పిండుతూ అట్లాగే పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి పాప గొంతు పోయి, ఉత్త నోరు తెరుస్తూ ఉంది. ఎదురింటి లలితమ్మ పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి ఒకసారి పిలిచిందట. అప్పటికి పాప ఇంకా లేవలేదు. జవాబు రాకపోతే, "బాలింత, పండుకున్నదేమో" అనుకొని వెనక్కి పోయిందట. తర్వాత పాప ఏడ్చిన ఏడుపంతా పక్కింటి మగ్గం చప్పుడులో కలిసిపోయింది. ఆ మాట చెబుతూ పెద్దమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది.

నా భర్త భరత్ పుణెలో కంపెనీ బండి నడుపుతాడు. ఇక్కడ గద్వాలలో మగ్గం వదిలేసి కొన్న పాత కారు మాత్రం ఇంటి ముందే ఉంటుంది. "రోజూ పొద్దున జర స్టార్ట్ చెయ్యి, లేకుంటే బ్యాటరీ దిగిపోతది. గేరు మాత్రం ముట్టకు" అని చెప్పి పోయాడు. పాపను ఒళ్ళో పెట్టుకొని తాళం తిప్పగానే రేడియో దానంతట అదే మోగేది. నేను పడిపోయిన తర్వాత పెద్దమ్మ దాన్నే ఆనవాలు చేసుకుంది. "పాట ఇనవడ్తే నువ్వు మంచిగున్నట్టు. ఇనవడకుంటే నేనొస్త, తలుపు పలగ్గొట్టన్నా సరే" అంది. పాట మొదలైతే చాలు, అరుగు మీది నుంచి ఒక కేక వచ్చేది. "ఇనవడ్డదే బిడ్డా!" రోజు మొత్తంలో నేను ఉన్నానా లేనా అని ఇంకొకరు చూసుకునే మాట అదొక్కటే.

ఆ రేడియో పాడైంది. ఇక పెద్దమ్మ పొద్దున్నే కట్టె పట్టుకొని, నొప్పి మోకాళ్ళతో, మా ఇళ్ళ మధ్య మురికి కాలువ, ఆ మోరీ మీద ఊగే బండ దాటి నన్ను చూడ్డానికి రావడం మొదలుపెట్టింది. ఆమె ఆ బండ మీద కాలు పెట్టినప్పుడల్లా నా ప్రాణం పోయేది.

భరత్‌కు ఫోన్ చేశాను. "కొత్త రేడియో అటక మీదున్నది గదా, నేనొచ్చినంక పెడ్త. నువ్వు ముట్టకు, బండి కాలబెడ్తవు" అన్నాడు. ఆయన చెప్పినట్టున్నాడు, వనపర్తి నుంచి అత్తమ్మ ఫోన్ చేసి అందుకుంది. "వైర్లల్ల చేతులు పెట్టే ఆడిదాన్ని నేను యాడ సూడలే. పాటలు లేకుంటే పొద్దుపోతలేదా నీకు?" పాటల కోసం కాదని ఎట్లా చెప్పను? పడిపోయానని చెప్పినప్పుడు వాళ్ళు అన్నది ఒక్కటే. "తిండి సక్కగ తినవు, గందుకే."

పాప ఊయలలో నిద్రపోగానే అటక మీది నుంచి పెట్టె దించాను. భరత్ చేస్తుంటే కిటికీలోంచి చూసిన గుర్తుతో ముందు బ్యాటరీ తీగ విప్పాను. పెట్టెలో రెండు ఇనుప పట్టీలున్నాయి. పాత రేడియోకు రెండు పక్కలా ఉన్న సందుల్లో వాటిని దూర్చి నొక్కితే లోపలి కొక్కాలు వదిలాయి. మెల్లగా లాగాను. వెనక తీగల గుత్తి. ఎవరో ఎప్పుడో కోసి, అతికి, టేపు చుట్టినవి.

అతకడం నాకు వచ్చిన పనే. మా నాన్న బుచ్చన్న మగ్గం మీద పడుగు అయిపోతే, కొత్త పోగులను పాత పోగుల కొసలకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేది అమ్మా నేనూ. ఎనిమిదో తరగతితో నా బడి ఆ పోగుల దగ్గరే ఆగిపోయింది. చీర చూసినవాళ్ళు ఎవరు నేశారని అడిగేవాళ్ళు. ఎవరు అతికారని ఎవరూ అడగలేదు. అంచు రంగుకు అంచు రంగు, ఒంటి రంగుకు ఒంటి రంగు, నా వేళ్ళకు తెలిసింది అదే. అందుకే పాత రేడియో తీగలు విప్పి, కొత్తదాని తీగలను కారు తీగలకు ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు మెలిపెట్టాను.

బ్యాటరీ తగిలించి తాళం తిప్పగానే టప్ మంది. కాలిన వాసన. ఇంట్లోకి ఉరికి, పాపను ఎత్తుకొని వీధిలోకి వచ్చాను. కారుకు ఏమీ కాలేదు. వీధిలో ఎవరూ లేరు. "కాలబెడ్తవు" అన్న గొంతు ఒక్కటే చెవిలో. తర్వాత పాపను చంకనేసుకొని పెట్టె మూత మీది బొమ్మను చూశాను. కొత్త రేడియోలో ఏ తీగ దేనికో అందులో ఉంది. కారు తీగల రంగులే ఎవరో తమకు తోచినట్టు వేశారు. పాపను వెనక సీట్లో పడుకోబెట్టి, ఇండికేటర్ బల్బు విప్పి, దానికి రెండు తీగ ముక్కలు కట్టి, ఒక కొస కారు ఇనుముకు ఆనించి, రెండో కొసతో కారు తీగలను ఒక్కొక్కటే పరీక్షించాను. ఎప్పుడూ వెలిగించేది ఒకటి, తాళం తిప్పితేనే వెలిగించేది ఒకటి. నల్లదానిలోనే కరెంటు ఉంది! మళ్ళీ బ్యాటరీ విప్పి, ఈసారి రంగు చూడకుండా, బల్బు చెప్పినట్టు అతికాను. కొత్త రేడియో వెనక కాలిన ఫ్యూజు తీసి, పాత రేడియోది పెట్టాను. తల లోపల పెట్టి ఉండగా వీధిలో ఆటో ఒకటి వచ్చి పోయింది. తల ఎత్తలేదు.

తాళం తిప్పాను. పాట వచ్చింది! ఎదురింటికి వినిపించేంతగా శబ్దం పెంచి కేక కోసం చూశాను.

రాలేదు. పాపను ఎత్తుకొని మోరీ దాటాను. తలుపుకు తాళం. పక్కింటి వెంకటన్న మగ్గం ఆపి చెప్పాడు. "కొడుకు ఈరన్న ఇప్పుడే వచ్చి తీస్కపోయిండమ్మా, కల్వకుర్తికి. రోజూ గా మోరీ దాటితే పడి సస్తదని. నీకు చెప్పొస్తననే అన్నది. ఈరన్ననే, ఫోన్ చేద్దాం తియ్ అన్నడు."

సాయంత్రం భరత్ ఫోన్ చేసినప్పుడు రేడియో మోగుతోంది.

"ఎవడొచ్చిండు?"

"నేనే పెట్టిన."

"సక్కగ చెప్పు సుష్మితా. ఏ మెకానిక్ వచ్చిండు? అప్పుడు ఇంట్ల ఎవరున్నరు?"

ఫోన్‌ను రేడియో పక్కన పెట్టి ఇంకొంచెం శబ్దం పెంచాను.

మరుసటి రోజు నుంచి పగలు లోపలి గడియ పెట్టడం మానేశాను. పొద్దున పాట వినపడకపోతే లోపలికి రమ్మని వెంకటన్న భార్య జములమ్మకు చెప్పాను. "మా మగ్గం సప్పుట్ల మాకేం ఇనవడ్తదే?" అని నవ్వింది. అయినా రోజూ పెడుతున్నాను, తాళం వేసిన పెద్దమ్మ ఇంటి అరుగు వైపు.

పెద్దమ్మకు ఫోన్ లేదు. ఈరన్న ఎత్తడం లేదు. మీలో ఎవరైనా కల్వకుర్తి దిక్కు పోతే, బస్టాండు దగ్గర ఆటో నడిపే గద్వాల ఈరన్న ఇల్లు అడగండి. వాకిట్లో నిలబడి లలితమ్మా అని పిలవండి. రేడియో మోగుతోందని చెప్పండి. జవాబు రాకపోతే, పండుకున్నదేమో అనుకొని వెనక్కి తిరగకండి. తలుపు తోసి లోపలికి పోండి.