పన్నెండో నిమిషం

రామాయి మూడో గది తుడిచి, మంచం మీద దుప్పటి మార్చి, తల మీద మూసే ప్లాస్టిక్ గుమ్మటాన్ని తడిగుడ్డతో లోపలా బయటా శుభ్రం చేసింది. కోయంబత్తూరులోని ఆ బరువు తగ్గించే క్లినిక్‌లో ఆమెకిది నాలుగో ఏడు. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చినవాళ్లు ఆ మంచం మీద పడుకుంటారు. గుమ్మటం కింద ఇరవై నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా ఉంటే, ఊరికే పడుకున్న ఒళ్లు ప్రాణం నిలుపుకోవడానికి ఎంత శక్తి వాడుకుంటుందో వాళ్ల ఊపిరిని బట్టి యంత్రం చెబుతుంది.

ఆమెకు యాభై ఏడేళ్లు. నలభై ఒక్క కిలోల మనిషి. మణికట్టు ఎముకలు పొడుచుకొచ్చి కనిపిస్తాయి. మెడ వెనక మాత్రం, ఇరవై రెండేళ్లు ఇసుక తట్టలు మోసిన గుర్తుగా ఒక గట్టి ముడి మిగిలింది. ఏప్రిల్ ఎండల్లోనూ స్వెటర్ విప్పదు. మెట్లెక్కితే కళ్లు తిరుగుతాయి. ఇంత సన్నగా ఉండడానికి ఏం తింటావని క్లినిక్‌కి వచ్చే ఆడవాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

ఆ రోజు యంత్రం బాగుచేయించి తెచ్చారు. మొదటి మనిషి రావడానికి ఇంకా గంట ఉంది. పరీక్షలు చేసే సత్యప్రియ, ఒకసారి పడుకుంటావా అక్కా, యంత్రం సరిగా ఉందో లేదో చూడాలి అని తమిళంలో అడిగింది. ఏమైనా తిన్నావా అని కూడా అడిగింది. పొద్దున తినడం మానేసి ఆరేళ్లయిందని రామాయి చెప్పలేదు. లేదని తల ఊపి, చెప్పులు విడిచి, తానే పరిచిన దుప్పటి మీద మొదటిసారి పడుకుంది.

పగటిపూట ఇలా వెల్లకిలా పడుకుని ఎన్నాళ్లయిందో ఆమెకు గుర్తు రాలేదు. తట్ట మోసే రోజుల్లో పొద్దున రెండు రాగి ముద్దలు, మధ్యాహ్నం అన్నం, ఎండుచేప. తాపీపని చేసే ఆమె భర్త కరుప్పసామి తన ముద్దలోంచి కూడా తుంచి పెట్టేవాడు. అతను జ్వరంతో పోయాక ఒక్కదానికి పొయ్యి వెలిగించడం దండగనిపించింది. రాత్రి ఇంత మజ్జిగన్నం, అంతే. మొదట్లో ఆకలి బాధపెట్టింది. తర్వాత అదీ రావడం మానేసింది. తన ఒళ్లు తన మాట వింటోందని ఆమె కాస్త గర్వపడింది కూడా.

సత్యప్రియ ఫోన్ మోగింది. ఆ అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించింది.

"ఊ, చెప్పమ్మా. ఈ నెలతో ఈడ పని నిలిపేస్తా ఉండా. ఒకటో తేదీకి చెన్నైలో చేరల్ల. లేదు, ఈడ ఎవురికీ చెప్పలేదు. చెప్పేకి ఎవురుండారు?"

తెలుగు. రామాయి ఇంట్లో మాట్లాడిన తెలుగే. ఆమె ఉండే వీధిలో పెద్దవాళ్లు ఒక్కొక్కరే పోయారు, పిల్లలు తమిళంలోకి మారిపోయారు. ఆరేళ్లుగా ఆ భాష ఆమె చెవిన పడలేదు. నాలుగేళ్లు ఈ అమ్మాయితో తమిళంలోనే రోజుకు నాలుగు మాటలు. లేచి పిలవాలనిపించింది. కదలొద్దన్నారు కాబట్టి కదల్లేదు. కంటి నుంచి జారిన నీటిబొట్టు చెవిలోకి దిగినా తుడుచుకోలేదు.

రోజుకు ఏడువందల నలభై కేలరీలని అంకె వచ్చింది. తొమ్మిది వందల దాకా రావాలి. యంత్రం ఇంకా పాడుగానే ఉందనుకుని సత్యప్రియ అన్నీ సరిచూసింది. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, ఏం తింటావని అడిగింది. రామాయి దాచకుండా చెప్పింది.

ఆ అమ్మాయి నెమ్మదిగా వివరించింది. బరువు మోసినప్పుడు పెరిగిన కండ తిండి లేక కరిగిపోయింది. కండ ఊరికే ఉన్నా తన వంతు శక్తి వాడుకుంటుంది, అది తగ్గింది కాబట్టి అంకె తగ్గింది. పైగా రోజూ కొంచెమే వస్తుందని తెలిసిన ఒళ్లు ఇంకా పొదుపు నేర్చుకుంది. అందుకే ఆ చలి, ఆ కళ్లు తిరగడం. పొద్దున గుడ్లు, పప్పు తినాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిహేనుసార్లు లేవాలి.

తర్వాత తెరమీద గీత చూపించింది. అంతటా సమంగా ఉన్న గీత పన్నెండో నిమిషంలో మాత్రం పైకి లేచింది. ఇక్కడ ఏమైందని అడిగింది.

"నువ్వు మీ అమ్మతో మాట్లాడతా ఉంటివి గదా, అప్పుడు," అంది రామాయి తెలుగులో.

సత్యప్రియ తెర వదిలి ఆమె వైపు తిరిగింది.

"నాలుగేండ్లక్కా," అంది. "ఒక్కనాడన్నా అడగలేదే మనం."

"మా ఇంటాయన పోయినంక ఎవురూ లేరు పాపా, మాట్లాడేకి."

ఆ పూట సత్యప్రియ తన డబ్బాలోని ఇడ్లీలు సగం పెట్టింది. మూడో ఇడ్లీకే రామాయి కడుపు నిండిపోయింది. మిగిలిన మూడు వారాలూ ఇద్దరూ వంటగదిలో ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. సత్యప్రియ సొంతూరు ఉడుమలైపేటలో దేన్ని ఏమంటారు, రామాయి వీధిలో ఏమంటారు అని ఒకరికొకరు చెప్పుకున్నారు. కలవని మాట దొరికితే నవ్వుకున్నారు. ఒక ఉదయం, తిండికి ముందు, మళ్లీ పరీక్ష చేస్తే ఏడువందల నలభై ఆరు. ఇది యంత్రం తేడా కూడా కావచ్చు, కండ పట్టడానికి నెలలు పడుతుందని సత్యప్రియ నొచ్చుకుంటూ చెప్పింది.

"నెంబరు కోసరమా నేను తింటా ఉండేది?" అంది రామాయి.

చివరి శనివారం సాయంత్రం పై అంతస్తులో ఎవరో నీళ్లు ఒలకబోశారని రామాయిని పిలిచారు. తుడిచి కిందికి వచ్చేసరికి సత్యప్రియ ఎక్కిన ఆటో మలుపు తిరిగింది.

సోమవారం కొత్త అమ్మాయి వచ్చింది. తమిళంలో మర్యాదగా పలకరించింది. పది గంటలకు రామాయి వంటగదిలో ఒక్కతే కూర్చుని, ఇంట్లో ఉడికించి తెచ్చుకున్న రెండు గుడ్లూ మిరియాలపొడి అద్దుకుని తింది. నిదానంగా, పూర్తిగా. ఆ తర్వాత చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. ఒకటి, రెండు, మూడు అని తెలుగులో పైకే లెక్కపెట్టింది. పదకొండు దగ్గర మోకాళ్లు వణికాయి. కాసేపు ఆగి పదిహేనూ పూర్తిచేసింది.

చాకలికి వేయాల్సిన బట్టల కోసం మూడో గదిలోకి వెళ్లింది. తలుపు వెనక వంకెకు సత్యప్రియ తెల్లకోటు వేలాడుతోంది, మోచేతుల దగ్గర వంపు ఇంకా పోలేదు.