కుడివైపు ముక్కున్న పాలగిన్నె

కొత్త కాపురంలో ఆమెకు అన్నీ నచ్చాయి, ఒక్క పాలగిన్నె తప్ప. ఆమెది పుట్టుకతో ఎడమచేతివాటం. ఆ గిన్నె వంచితే సగం పాలు కప్పులోకి, సగం పొయ్యి మీదికి. గిన్నెలకు కొత్త రూపాలు గీయడమే పనిగా ఉన్న మొగుడు ఒకరోజు తన నమూనా ఒకటి తెచ్చి వంటింట్లో పెట్టాడు. అప్పట్నుంచి చుక్క ఒలకలేదు. పనితనం వచ్చేసిందని ఆమె మురిసిపోయింది. ఇప్పుడు ఒలకబోసేది అతనే. పొద్దున్నే కాఫీ కలుపుతానని గట్టంతా పాలు చేసేవాడు.

"ఎంత పనిమంతులో మా ఆయన!" అంటూ ఆమె గుడ్డ అందిస్తే, నవ్వుతూ తుడిచేవాడు.

ఆ గిన్నె రేపే ప్రదర్శనకెక్కుతోంది. ఒకసారి నలుగురి కంటా పడితే కొన్ని దేశాల్లో దాన్ని కొత్తదిగా ఒప్పుకోరు. అందుకే, ఆ రూపాన్ని ఇంకెవరూ కాపీ కొట్టకుండా హక్కు కోరే దరఖాస్తు ఈరోజే వెళ్ళిపోవాలి. దేశదేశానికీ తిరగక్కర్లేదు, ఒక్క దరఖాస్తుతోనే కోరిన దేశాలన్నిటినీ అడగొచ్చు. కాకపోతే బొమ్మలే దానికి ప్రాణం. ఏ రూపం పంపితే ఆ రూపానికే రక్షణ, తర్వాత మార్చుకుంటామంటే కుదరదు. అతను కార్ఖానాలో గిన్నెకు మెరుగు పెడుతూ, బొమ్మలు చూసి సరేననమని ఆమెను ఆ దరఖాస్తులు పంపే ఏజెంటు ఆఫీసుకు పంపాడు.

అక్కడ బొమ్మలు సిద్ధం చేసే అక్క తెర ఇటు తిప్పింది. గిన్నె ముద్దొస్తోంది. ఆమె ఎడమచెయ్యి తనంతట తానే గాల్లో పిడి పట్టుకుని వంచింది. ముక్కు అవతలివైపు ఉండిపోయింది.

"అక్కా, ఇది మా గిన్నె కాదు."

"మీ ఆయన పంపిన ఫొటోలేనమ్మా. ఫోన్‌లో కుడిఎడమలు తిరగబడ్డాయి. పాలగిన్నెకు ముక్కు కుడివైపు ఎక్కడైనా ఉంటుందా? అన్నీ నేనే సరిచేశా."

ఆమె వెంటనే ఫోన్ చేసింది. "ఏవండీ, గిన్నెకు ముక్కు కుడివైపా?"

"ఇప్పుడా నీకు తెలిసింది?" అతను పగలబడి నవ్వాడు. "నీ చేతిని చూసేగా గీశాను!"

"మరి చెప్పరేం? నాకు పనొచ్చిందనుకున్నా!"

"అంత మురిసిపోతుంటే పాడుచెయ్యడమెందుకని."

ఆమె తన ఎడమచెయ్యి చూసుకుంది. చిన్నప్పట్నుంచీ ఆ చేతిని మార్చుకోమన్నవాళ్ళే అందరూ. చేతి కోసం గిన్నెను మార్చినవాడు ఇతనే.

అక్క నాలిక్కరుచుకుని బొమ్మలన్నీ మళ్ళీ తిప్పేసింది. "బతికించావమ్మా! లేకపోతే బజారు గిన్నెకు కాపలా కాసేవాళ్ళం."

ఏజెంటు గారు కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఎడమచేతివాళ్ళు ఏ దేశాల్లో ఉంటారంటావు?"

"అన్నిట్లోనూ ఉంటామండీ!"

"అయితే పంపే మీట నువ్వే నొక్కు తల్లీ."

ఆమె నొక్కింది, ఏ చేత్తోనో చెప్పాలా? దరఖాస్తు అందిందని తెర మీద పడగానే అక్కను వాటేసుకుంది.

మర్నాడు అతనికన్నా ముందే లేచి, అటకమీంచి పాత గిన్నె దించింది. తళతళలాడేలా తోమి, పొయ్యికి అటుపక్కన పెట్టింది.

"ఇదేంటి?" అన్నాడతను కళ్ళు నులుముకుంటూ.

"మీ చేతికండీ. రెండు కప్పులు కలపండి."