రీహామ్ ఇంటి నేల

మొదటి పలక బయూమి మేస్త్రి మోకాళ్ళ ముందే విరిగింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. రబ్బరు సుత్తితో ఇంకొక్క దెబ్బ వేశాడు, టిక్కుమంది. మూల నుంచి మధ్య దాకా వెంట్రుకంత గీత పాకింది.

దుమ్యాత్‌లో సగం ఇళ్ళ నేలలు బయూమి చేతి మీదుగా వెళ్ళినవే. ఇసుక పరచడం, మాలు ముద్దలుగా పెట్టడం, పలక వేసి సుత్తితో మట్టానికి దించడం. మూరెడు పలకలకు ఆ పద్ధతి చక్కగా పనిచేసింది. ఇవి మనిషిని పడుకోబెట్టేంత పలకలు. మందం మాత్రం వేలెడు కూడా లేదు. ముద్దకీ ముద్దకీ మధ్య కింద ఖాళీ మిగిలింది. దెబ్బ సరిగ్గా ఆ ఖాళీ మీద పడింది.

"విరిగిందా నాన్నా?" గుమ్మంలోంచి రీహామ్ అడిగింది.

"విరగలేదు. గీత పడింది."

"గీత పడిన గ్లాసులో టీ పోసిస్తే తాగుతావా?"

బయూమి విరిగిన పలకని పక్కకి లాగాడు. ఈ ఇల్లు రీహామ్‌దీ, ఆమెను చేసుకోబోయే వగీహ్‌దీ. ఎల్లుండి గురువారం. ఆ సాయంత్రం పెళ్ళికూతురి సామానంతా లారీల మీద, డప్పులతో, వీధంతా చూస్తుండగా ఈ గుమ్మం ఎక్కాలి. ఆ రంగు పలకలు కొట్లో అయిపోయాయి. అదనంగా తెచ్చిన ఒకే ఒక్కటి ఇప్పుడు ఖర్చయిపోయింది. ఇంకొకటి విరిగితే హాలు నడిమధ్యలో అతుకే.

దానికి తోడు కాఫీ హోటల్లో అందరి ముందూ నోరు జారి ఉన్నాడు, నా కూతురి ఇంటి నేల మీద నా చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడదని.

"అష్మావీ బాబాయి దగ్గర వీటికి కావలసిన పనిముట్లన్నీ ఉన్నాయట," అంది రీహామ్ మెల్లగా.

"వాడి పేరెత్తకు."

ఇద్దరూ ఒకప్పుడు జంటగా పని చేసినవాళ్ళే. మసీదులో నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసే చోట బయూమి వేసిన నేల చూసి, నీళ్ళు కాలువలోకి కాక చెప్పుల్లోకి పోతున్నాయని అష్మావీ నలుగురిలో నవ్వాడు. నీళ్ళు నిజంగానే చెప్పుల్లోకి పోతున్నాయి. అందుకే ఆ మాట బయూమికి ఇప్పటికీ మానని పుండు.

అయినా మధ్యాహ్నం నమాజు కాగానే కాళ్ళు అష్మావీ షెడ్డు వైపే నడిచాయి.

అష్మావీ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. లేవలేదు.

"ఏం కావాలి?"

"పనిముట్లు."

"ఏవి?"

"ఉన్నవన్నీ."

"నేల వేస్తున్నావా, నైలు మీద వంతెన కడుతున్నావా? లోపలికెళ్ళి నీ చేత్తో ఏరుకో. తప్పు ఏరితే దగ్గుతాను."

బయూమి జిగురు దువ్వే పళ్ళ తాపీల వరస ముందు నిలబడ్డాడు. చేతికి అలవాటైన సన్నపళ్ళది తీశాడు. అష్మావీ దగ్గాడు. దాని పక్కది తీశాడు. మళ్ళీ దగ్గు.

"నీకు జబ్బేమైనా ఉందా?"

"నీ చెయ్యి తీరుబట్టి వస్తోంది. పలక పెద్దదయ్యే కొద్దీ పళ్ళు పెద్దవి కావాలి బయూమీ. ఆ చివరది తీయి. జిగురు నేలకీ పుయ్యి, పలక వీపుకీ పుయ్యి. అంతా ఒకే వైపుకి దువ్వు, పెళ్ళికూతురి జుట్టు దువ్వినట్టు. అడ్డదిడ్డంగా దువ్వితే గాలి కింద ఇరుక్కుని బయటికి రాదు."

తర్వాత పలక ఎత్తే చట్రం. పొడవాటి ఇనప బద్దలకు వరసగా రబ్బరు కప్పులు. ఒక్కో కప్పు మీద చిన్న మీట. దాన్ని నొక్కితే కప్పులోని గాలి పోయి రబ్బరు పలకని పట్టేస్తుంది.

"మీట మెడ మీద ఎర్ర గీత చూశావా?" అన్నాడు అష్మావీ. "అది లోపల దాగి ఉన్నంతసేపూ నిశ్చింత. బయటికి కనపడితే గాలి దూరుతున్నట్టు. ఎక్కడున్నా సరే, దించెయ్యి."

పక్కపక్క పలకల్ని ఒకే ఎత్తులో బిగించే క్లిప్పులు బయూమి సంచీలో పోశాడు. అందులో ఉన్న పాత రబ్బరు సుత్తిని అష్మావీయే బయటికి లాగి బల్ల మీద పెట్టాడు.

"అది నా పెళ్ళినాటిది," అన్నాడు బయూమి.

"ముసలిదయింది. విశ్రాంతి తీసుకోనీ. నన్నూ రమ్మంటావా?"

"పనిముట్లు చాలు. మనిషి వద్దు."

అష్మావీ మళ్ళీ టీ గ్లాసు అందుకున్నాడు.

బుధవారం పొద్దున్నే పాత మాలు గీకేసిన నేల శుభ్రంగా, మట్టంగా ఎదురుచూస్తోంది. త్వరగా గట్టిపడే జిగురు బకెట్‌లో కలిపి ఉంది. గోడకు ఆనించిన పలకల్లో మొదటిదానికి బయూమి చట్రం తగిలించి మీటలు నొక్కాడు. రెండో కొస వగీహ్ పట్టుకున్నాడు. మందుల షాపు నడిపే మనిషి, మాత్రల డబ్బాలకంటే బరువు ఎత్తి ఎరగడు.

"మావయ్యా, ఎత్తమంటారా?"

"ఎత్తు. మెల్లగా."

పలక లేచింది. రెండడుగులు వేశారు. మూడో అడుగు దగ్గర వగీహ్ గొంతు పీలగా వినిపించింది.

"మావయ్యా, ఎర్రగా ఏదో కనపడుతోంది."

బయూమి చూశాడు. ఒక మీట మీద ఎర్ర గీత. చూస్తుండగానే పక్కదాని మీదా తేలింది. మూడో కప్పు పాము బుస కొట్టినట్టు సుయ్యిమంది. పలక ఒక పక్కకు ఒరిగింది.

"వదలకు."

బయూమి చట్రం వదిలేసి పలక కింద దూరాడు. భుజం, తల, వీపు, దేవుడిచ్చిన ఒళ్ళంతా దాని కింద పెట్టాడు. రీహామ్ పరుగున వచ్చి పక్కగదిలోంచి పాత పరుపు లాగింది. అంగుళం అంగుళంగా దింపి పలకని పరుపు మీద పడుకోబెట్టారు. అంచు చెక్కుచెదరలేదు. వగీహ్ మాత్రం గోడకు చేరబడి కూలబడ్డాడు.

బయూమి ఫోను తీశాడు. "అష్మావీ, అరిగిపోయిన కప్పులిచ్చి నా కూతురి ఇంట్లో నన్ను నవ్వులపాలు చేద్దామనుకున్నావా?"

అవతల ఫోను పెట్టేశాడు. కాసేపటికి మనిషే వచ్చాడు, చేతిలో ఫూల్ అనే చిక్కుడు గింజల కూర పెట్టిన, సగం కొరికిన రొట్టెతో. ఎవరినీ పలకరించకుండా కప్పుల రబ్బరు వేలితో నిమిరాడు. పలక మీద చెయ్యి రాశాడు. ఆ వేలు నోట్లో పెట్టుకున్నాడు.

"ఉప్పు."

"ఏమిటి?"

"ఉప్పు బయూమీ. నేల వేస్తున్నావా, చేపలు ఊరేస్తున్నావా?"

అందరి తలలూ వంటగది వైపు తిరిగాయి. బయూమి తల్లి హాజ్జా తఫీదా అక్కడ బియ్యం ఏరుతోంది. చూపు బియ్యం మీంచి ఎత్తలేదు.

"అమ్మా, నువ్వేనా?"

"మరి? అంతంత బండలు, అద్దాల్లా మెరుస్తున్నాయి. సామాను రోజు ఊరంతా వస్తుంది. ఒక్కో కన్నూ ఎలాంటిదో. నిన్న తడిచేత్తో అన్నిటికీ ఉప్పు రాశాను. ఒక్కదాన్నీ వదల్లేదు."

"రబ్బరు కింద ఉప్పుగల్లు ఉంటే గాలి దూరదా నానమ్మా?" అంది రీహామ్.

"రబ్బరు సంగతి నాకేం తెలుసు? కళ్ళ సంగతి తెలుసు."

ముందు అష్మావీ నవ్వాడు. తర్వాత వగీహ్. బయూమి పెదవులు బిగించి చూశాడు గానీ, ఆ నవ్వు మీసాల కిందనుంచి తప్పించుకుని బయటపడింది.

తడిగుడ్డతో, పొడిగుడ్డతో పలకలన్నీ తుడిచారు. అష్మావీ రొట్టె ముగించి గుమ్మం వైపు నడిచాడు. బకెట్‌లో జిగురు చిక్కబడుతోంది. వగీహ్ మళ్ళీ గోడకు చేరబడ్డాడు. బయూమి కాఫీ హోటల్లో తను అన్న మాట తలచుకున్నాడు. తర్వాత నేలని చూశాడు.

"ఎక్కడికి?" అన్నాడు.

"మనిషి వద్దన్నావుగా."

"అది నిన్న."

"ఇవాళ?"

"ఇవాళ నా నోట్లో కూడా ఆ ఉప్పే పడింది, ఇద్దరం ఒకే ఉప్పు తిన్నాం. ఆ కొస పట్టుకో."

అష్మావీ చొక్కా చేతులు మడిచాడు. ఒకరు నేల మీద దువ్వితే ఇంకొకరు పలక వీపు మీద దువ్వారు. చట్రం ఎత్తారు. ఎర్ర గీత జాడ లేదు. పలక జిగురు మీద వాలింది. అటూ ఇటూ జరిపితే జిగురులో దువ్విన గీతలు అణిగి గాలి పక్కలనుంచి తప్పుకుంది. బయూమి ఊపిరి పీల్చుకునేలోపు అష్మావీ మళ్ళీ మీటలు నొక్కాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఎత్తి చూద్దాం."

"బాగా అతుక్కున్నదాన్ని ఎత్తుతావా, పిచ్చోడా?"

"అతుక్కుందని నువ్వు అనుకుంటున్నావు. వీపు చూస్తేగా తెలిసేది."

ఎత్తారు. మూల నుంచి మూల దాకా జిగురు పట్టి ఉంది, ఎక్కడా గోరంత ఖాళీ లేదు. బయూమి ఇంకాస్త జిగురు దువ్వి, పలక పరచి, రెండోదాని దగ్గరికి అందరికంటే ముందు నడిచాడు. పొద్దు వాలేలోపు హాలు నిండింది.

గురువారం సాయంత్రం లారీలు వీధి మలుపు తిరిగాయి. డప్పులు, ఈలలు, ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ వేసే జగారీత్ కేకలు మేడ ఎక్కాయి. పరుపులు, అద్దాల బల్ల, తలుపుల్లేని నిలువు బీరువా, దాని వెనకే మోసుకొచ్చిన తలుపులు. వగీహ్ మేనత్తలు చెప్పులు గుమ్మం దగ్గర వదిలి హాల్లో గుండ్రంగా తిరుగుతూ, పాదాలతో నేలని దంచుతూ ఆడసాగారు. రీహామ్ మధ్యలో ఎర్రబడి నవ్వుతోంది.

బయూమికి ఆ పాటేదీ చెవికెక్కలేదు. కింద ఎక్కడైనా బోలుగా మోగుతుందా అన్నదే అతని గుండెలో మోగుతోంది. నిలబడలేకపోయాడు. నడుం వంచి, మోకాళ్ళ మీద కూర్చుని, చెవి నేలకి ఆనించాడు. దబ్, దబ్, దబ్. గట్టి చప్పుడు, నిండు చప్పుడు, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒకటే చప్పుడు.

తల తిప్పి చూస్తే, ఆడుతున్న పాదాలకవతల ఇంకొక చెవి నేలకి ఆని ఉంది. అష్మావీ కన్ను కొట్టాడు.

"నాన్నా, లే. అందరూ చూస్తున్నారు," రీహామ్ గొంతు.

నిజంగానే చూశారు. ఇది కొత్త ఆట కాబోలనుకున్న వగీహ్ పెద్ద మేనత్త, నడుం పట్టుకుని దిగి, తన చెవి కూడా నేలకి ఆనించింది.