గేటుకు అడ్డంగా నీళ్ల ట్యాంకర్

సైనికులకు ఈలక్క అంటే హడల్. ఒకప్పుడు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సు. ఇప్పుడు, ఆపదలో పడ్డ ఊళ్లో జనంతో కలిసి ఎలా పనిచేయాలో సైనికులకు నేర్పే బడిలో గురువు. మెడలో ఈల, నోట్లో మాట, రెండూ పదునే.

మూతపడ్డ బిస్కెట్ల ఫ్యాక్టరీలో అట్టలతో, చెక్కలతో ఒక వీధి కట్టారు. నాలుగు ఇళ్లు, ఒక కొట్టు, ఒక ఆసుపత్రి. చుట్టుపక్కలవాళ్లు కూలికి వచ్చి ఊరి జనంగా నటిస్తారు. తుఫాను కొట్టిన ఆ వీధికి నీళ్లు అందించడమే పరీక్ష. పరీక్షకు నిలబడింది ఎవరో కాదు, ఆమె సొంత తమ్ముడు, కెప్టెన్. నెగ్గితే మర్నాడే, నిజంగా తుఫాను కొట్టిన ఊరికి దళాన్ని తీసుకుని వెళ్తాడు.

అదరగొట్టాడు కుర్రాడు. తాడు కట్టించాడు, ముసలివాళ్లకు కుర్చీలు వేయించాడు, ఒక్కరినీ కసరలేదు. బిందెలన్నీ నిండాయి. బడిని నడిపే పెద్దాఫీసరు చప్పట్లు కూడా కొట్టేశాడు. అప్పుడు ఈల మోగింది.

"ఫెయిల్."

ఈలక్క వేలు పెట్టి చూపించింది. చోటు వెడల్పుగా ఉందని ట్యాంకర్‌ను సరిగ్గా ఆసుపత్రి గేటుకు అడ్డంగా నిలిపారు. లోపల స్ట్రెచర్ పట్టుకున్న ఇద్దరు దారి లేక చెమటలు కక్కుతున్నారు. బిందెల మోతలో వాళ్ల కేకలు ఎవరికి వినబడతాయి!

స్ట్రెచర్ మీద రోగి వేషంలో ఉన్న మంగలి బాబాయి తలెత్తాడు. "అమ్మా, నేను ఉన్నానా, పోయానా? అదొక్కటి తేలిస్తే హాయిగా పడుకుంటా."

"పోయావు బాబాయ్, ఇందాకే."

అందరూ నవ్వారు. ఈలక్క నవ్వలేదు. నర్సుగా ఉన్నప్పుడు ఒకసారి సాయానికి వచ్చిన బండే ఇలా అడ్డం నిలిస్తే, గేటు లోపల, ప్రాణం పోతున్న రోగి పక్కన చేతులు పిసుక్కుంటూ నిలబడ్డది ఆమే.

"నాలుగడుగులు పక్కకు జరిపితే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు పెద్దాఫీసరు.

"జరపడం కాదు సార్. ఈ దారిన ఎవరెవరు పోతారని వీధిలో ఒక్కరినైనా అడిగాడా? అడిగితే చెప్పడానికి ఆసుపత్రి కాపలాదారు గేటు దగ్గరే గుంజలా నిలబడి ఉన్నాడు."

"ఇది నాటకమమ్మా! ఎవరూ చావలేదు కదా!"

"చావలేదు కాబట్టే ఫెయిల్ చేస్తున్నా. చచ్చాక ఫెయిల్ చేస్తే ఎవరికి లాభం?"

"ఒకటో తారీఖున నీ ఉద్యోగం పొడిగించాల్సింది నేనే. గుర్తుందా?"

గుర్తు లేకేం! ఇంట్లో పొయ్యి వెలిగేదే ఆ జీతం మీద. నిజం చెప్పాలంటే ఆమెకు గుండె జారింది. గొంతును మాత్రం జారనివ్వలేదు.

"గుర్తుంది సార్. వాడు ఫెయిలే."

తమ్ముడు మొహం కందగడ్డ చేసుకుని వచ్చాడు. "పదిమందిలో నా పరువు తీశావు కదక్కా! అమ్మకు ఏం చెప్పను?"

"అక్క ఫెయిల్ చేసిందని చెప్పు, తిట్లు నేను తింటా. ఒరేయ్, నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని. ఆ ముద్దుకొద్దీ నిన్ను పంపిస్తే, అక్కడ పోయేవాళ్లు ఎవరి తమ్ముళ్లో!"

"ఆవిడ సంగతి వదిలెయ్," అన్నాడు పెద్దాఫీసరు. "నేను పాస్ చేశాను. రేపు వెళ్లేది నువ్వే."

తమ్ముడు గేటు వైపు చూశాడు. ఇంత రభస జరిగినా ట్యాంకర్‌ను ఎవరూ జరపలేదు. స్ట్రెచర్ మోస్తున్నవాళ్ల చేతులు వణుకుతున్నాయి. అతను టోపీ తీసి చంకలో పెట్టుకుని కాపలాదారు దగ్గరికి నడిచాడు.

"అన్నా, ఈ గేటులోంచి ఎవరెవరు వస్తూపోతూ ఉంటారు?"

కాపలాదారు చెప్పినదంతా విని వెనక్కి వచ్చాడు. "ఫెయిలే సార్. రేపు వేరేవాళ్లను పంపండి. నేను మళ్లీ చేస్తాను."

పెద్దాఫీసరు కోపమంతా ఈలక్క మీదికి తిరిగింది. "ఒకటో తారీఖు నుంచి నువ్వు రానక్కర్లేదు!"

"అప్పటిదాకా వస్తాను కదా సార్," అని ఈల అందుకుంది. "అందరూ మొదటి చోట్లకు పదండి! బాబాయ్, నువ్వు మళ్లీ బతికావు. పడుకో."