చీపురు తగిలి ఊడిన వైరు

రండమ్మా, దగ్గరికి జరగండి. బీడీల తునికాకు ఎటూ పారిపోదు, ముందు మీ నోళ్లకు కట్టండి ఆ కట్టల దారం. ఓ పిల్లా ద్వాలీ, ఆ నవ్వు కొంగున ముడేసుకో, తర్వాత విప్పుదువు. నేను చెప్పేదాంట్లో ఒకటీ అరా ఎక్కువ పడితే పడొచ్చు గానీ, నెత్తురు మాత్రం కారినంతే చెప్తాను.

ఆ రోజూ నేను ఊడుస్తూనే ఉన్నాను. మణుగూరులో బొగ్గు లారీల ఆఫీసు. మూడు టేబుళ్లు, మూడు తెరలు, మూలన తెర లేని ఒక నల్ల డబ్బా. డ్రైవర్లవీ, ఓనర్లవీ, ఆఫీసు వాళ్లవీ అందరి ఫోన్ నంబర్లూ ఇంటి అడ్రస్‌లూ ఆ డబ్బాలోనే ఉంటాయి. నీలం వైరు గుండా టేబుళ్ల మీది తెరల్లోకి వస్తాయి. రోజుకు రెండుసార్లయినా రాకుండా మొండికేసేవి. మూడు తెరల మీదా ఎర్ర అక్షరాలు పడేవి. ఆపరేటర్ రవీందర్ తల కూడా ఎత్తకుండా అనేవాడు: "నాగక్క చీపురు తగిలి ఊడుంటది సార్."

లోపలి నుంచి మేనేజర్ వెంకటరామారావు "వైర్ల దగ్గర చీపురు ఆడించొద్దని ఆ మనిషికి ఎన్నిసార్లు చెప్పాలయ్యా!" అని అరిచేవాడు. ఆయన అరిస్తే బయట లారీ టైర్లలో గాలి దిగిపోయేది.

ఎలుక కొరికినా నా చీపురే. కరెంటు పోయినా నా చీపురే. దుమ్ముగూడెంలో ఉరిమి ఇక్కడ సిగ్నల్ పోయినా నా చీపురే. చివరికి బాగుచేయడం నేనే నేర్చుకున్నాను. డబ్బా వెనక వైరు పీకి, పది లెక్కపెట్టి, టక్ మనేదాకా మళ్లీ గుచ్చాలి. ఆకుపచ్చ దీపం కన్ను కొడుతుంది. అప్పుడు రవీందర్ ఒళ్లు విరుచుకుని "సెట్ చేసిన సార్" అనేవాడు. వాళ్లిద్దరూ ఆ సంబరానికి టీ తాగేవాళ్లు. గ్లాసులు నేను కడిగేదాన్ని.

ఇంటికెళ్తే నా మొగుడు బొజ్జయ్య. "పొద్దంత ఫ్యాన్ కింద ఉండొచ్చినవ్, నీకేం అలుపే?" అని అడిగేవాడు. జవాబు చెప్తే ఒక దెబ్బ, చెప్పకపోతే రెండు. ఈ ముందు పళ్ల సందు చూశారా, అది చెప్పని రోజుది. ఒకసారి మా చిన్నమ్మ ఊరికి పారిపోయాను. వాడు వెతుక్కుంటూ వస్తే ఊరి పెద్ద సీతయ్య మంచం మీది నుంచి లేవకుండానే వేలు చాపి "గా పాకల ఉంది, తోల్కపో" అన్నాడు. జుట్టు పట్టుకుని వాడు నన్ను ఈడ్చుకొచ్చిన దారిలో నా వీపు గీసిన గీత ఆ వానాకాలానికి వాగయింది. ఇప్పటికీ అందులో చేపలు పడతారు. నవ్వండి, నేనూ నవ్వుతాను. కానీ కొట్టిన చెయ్యి కన్నా ఆ చూపించిన వేలే నాకు ఎక్కువ గుర్తు. అన్నం కలుపుకుంటుంటే నా చేతి వేళ్ల మధ్య అదే కనిపిస్తుంది. ఆ సీతయ్యకు నేనేం చేశానని? ఒక్కసారి తెలియదంటే వాడి నోటి ముత్యాలు రాలేవా?

మా ఆఫీసులో టైపు చేసే శారద మొగుడు చిరంజీవి. మా లారీల డ్రైవరే. చక్రాలు విప్పే పానాతో ఆమె మణికట్టు విరగ్గొట్టాడు. నెల రోజులు ఒంటిచేత్తో టైపు చేసింది. "సంసారం అన్నాక గిన్నెకు గిన్నె తగలదా అమ్మా" అన్నాడు మేనేజర్. ఒక ఆదివారం ఆమె ట్రంకు పెట్టె నేనే నెత్తిన పెట్టుకుని గోదారి దాటించి, ఒక గదిలో దింపి వచ్చాను. ఎక్కడో మీకూ చెప్పను, మీలో ఎవరి నోట్లో నువ్వుగింజ నానదో నాకేం తెలుసు! మర్నాడే మేనేజర్ "రూలంటే రూలే" అని కొత్త అడ్రస్ ఆమె చేతే ఆ డబ్బాలోకి ఎక్కించాడు.

ఇక ఆ రోజు. శారద కట్టు మార్పించుకోవడానికి దవాఖానాకు పోయింది. చిరంజీవి పానా పట్టుకుని వచ్చాడు.

"నా పెండ్లాం అడ్రస్ గావాలె."

"మొగుడూ పెళ్లాల గొడవ మనకెందుకయ్యా రవీందర్, చూసిచ్చెయ్" అన్నాడు మేనేజర్.

మీట నొక్కడానికి రవీందర్ వేలు పైకి లేచింది. సీతయ్య వేలే, గోరుతో సహా. నా చీపురు వైరుకు తగిలింది. అన్నేళ్లలో నిజంగా తగలడం అదే మొదటిసారి.

మూడు తెరలూ ఎర్రబడ్డాయి. రవీందర్ మిషన్ ఆర్పి వెలిగించాడు. ఖమ్మంలో మెకానిక్‌కు ఫోన్ చేశాడు. చెమటలు కక్కుతూ "నాగక్కా, జర వైర్ సూడు" అన్నాడు.

"నాకేం తెల్సు బిడ్డా? సదువు రానిదాన్ని."

పానా లేచింది. రవీందర్ ముక్కు చితికి నెత్తురు తెర మీద చిమ్మింది. రెండో దెబ్బ కీబోర్డు మీద పడింది. బడి గడప తొక్కని నా తల మీద ఆ రోజు అక్షరాలన్నీ రాలిపడ్డాయి. మేనేజర్ గది లోపల గొళ్లెం పడింది. "దీంట్లనేనా అది దాక్కున్నది!" అంటూ చిరంజీవి నల్ల డబ్బాను ఎత్తి గోడకు కొట్టాడు, నేలకు కొట్టాడు, పేగులు బయటికొచ్చేదాకా తొక్కాడు. తన పెళ్లాం అడ్రస్‌ను తన కాళ్లతోనే చంపుకున్నాడు, పిచ్చోడు.

ఇక ఆ అడ్రస్ ఒక్కచోటే మిగిలింది. నా తలలో. వాడు ఆ తలనే పట్టుకుని ఇనుప బీరువాకేసి కొట్టాడు.

"నీకు ఎర్కనా? చెప్పవే!"

ఒకటి. రెండు. మూడు. వైరు పీకినప్పటిలాగే లెక్కపెట్టుకున్నాను. కళ్లల్లోకి నెత్తురు దిగింది. ఆరు. ఏడు. "ఎర్క లేదు" అన్నాను. సీతయ్య నోటికి రాని మాట ఎంత చిన్నదో చూడండి. పది కాకముందే లారీ డ్రైవర్లు వాణ్ణి వెనక నుంచి పట్టి నేలకు అదిమారు.

పోలీసులొచ్చి వైరు ఎవరు పీకారని అడిగారు. మేనేజర్ గొళ్లెం తీసి, ఎప్పటిలాగే విసుక్కున్నాడు: "ఇంకెవరండీ, ఈవిడ చీపురు తగిలి ఊడుంటుంది. రోజూ ఉండేదే."

పోలీసాయన తల ఊపి రాసుకున్నాడు. అన్నేళ్లు నన్ను కాల్చిన మాటే ఆ రోజు నాకు గొడుగు పట్టింది.

తలకు కొంగు చుట్టుకుని, చీపురు చంకన పెట్టుకుని బయటికొచ్చాను. ఎడమకు తిరిగితే బొజ్జయ్య, వాడికి వండాల్సిన పొయ్యి. నేను కుడికి తిరిగాను, గోదారి వైపు. ఆ గదిలో ఇద్దరికి చోటుంది, ట్రంకు దింపిన రోజే చూసుకున్నాను.

ఇంతలో, జరిగిందంతా గేటు దగ్గర నిలబడి చూసిన వాచ్‌మన్ పగిడయ్య నా వెనక పరుగెత్తుకొచ్చాడు.

"అక్కా, అక్కా, చీపురు తీస్కపోకు! ఆ డబ్బాకు ఎవ్వల కన్నో తగిలింది. గా చీపురుతోనే దిష్టి తియ్యాలె!"